శల్యతంత్రము – మదాత్యయ చికిత్స : ఒక చారిత్రక పరిశీలనము

సుశ్రుతసంహితలో మద్యపాత్ర ముఖ్యముగా రెండు చోట్ల కనబడును. మొదటిది సూత్రస్థానమున పదునేడవ అధ్యాయము. శస్త్రకర్మకు ముందు రోగికి ఇష్టమైన భోజనము పెట్టవలెననియు, మద్యాభ్యాసము కలిగి వేదనను సహింపజాలని వానిచే తీక్ష్ణమైన మద్యమును త్రాగింపవలెననియు అచట చెప్పబడినది. అన్నబలముచే వాడు మూర్ఛిల్లడు, మత్తుచే శస్త్రస్పర్శను ఎరుగడు. రెండవది ఉత్తరతంత్రమున నలుబదియేడవ అధ్యాయము. దాని పేరు పానాత్యయప్రతిషేధము. అచట అదే మద్యము రోగకారణమై నిలుచును. దానిచే పీడితుడైన వానిని ఎట్లు ఉద్ధరింపవలెనో ఆ అధ్యాయము ఉపదేశించును. ఉత్తరతంత్రము తరువాతి కాలమున చేరినదని పలువురు పండితుల అభిప్రాయము. అయినను సంప్రదాయము ఈ రెండింటిని ఒకే శాస్త్రముగా అధ్యయనము చేయుచు వచ్చినది. వేదనను హరించు ద్రవ్యమే వేదనను కలిగించుననియు, శస్త్రము పట్టిన వైద్యుడు ఈ రెండు ముఖములను ఎరిగియుండవలెననియు దీనివలన తెలియుచున్నది.

ఇచట ఆస్తికునకు ఒక సందేహము కలుగును. ఛాందోగ్యోపనిషత్తు పంచమాధ్యాయమున సువర్ణమును అపహరించినవాడు, సురాపానము చేసినవాడు, గురుతల్పగామి, బ్రహ్మహంత అను నలుగురిని పతితులుగా చెప్పి, అట్టివారితో సహవాసము చేయువాడు ఐదవ పతితుడని చెప్పబడినది. మనుస్మృతి పదునొకండవ అధ్యాయము ఈ ఐదింటినే మహాపాతకములుగా పరిగణించి, మోహముచే సురను సేవించిన ద్విజుడు అగ్నివర్ణముగా కాగిన సురనే త్రాగి దేహమును దహింపజేసికొనవలెనను కఠోర ప్రాయశ్చిత్తమును విధించినది. ఇట్టి ధర్మము వెలసిన దేశముననే వైద్యుడు మద్యపీడితుని శయ్యకడ కూర్చుండి, వాని నాడిని పట్టి, వానికి పాలు త్రాగించుట ఎట్లు సమ్మతమయ్యెను? శ్రుతి వలదన్న సహవాసమును ఆయుర్వేదము ఏల విధించినది? ఈ ప్రశ్నకు సమాధానము కొంత శాస్త్రములోను, కొంత చరిత్రలోను కలదు.

ముందుగా శల్యతంత్రమును చూడవలెను. కాశీరాజైన దివోదాస ధన్వంతరి సన్నిధిలో సుశ్రుతుడు మొదలగు శిష్యులు అధ్యయనము చేసిరని ఆ సంహిత తెలుపుచున్నది. అందు ఛేద్యము, భేద్యము, లేఖ్యము, వేధ్యము, ఏష్యము, ఆహార్యము, విస్రావ్యము, సీవ్యము అని అష్టవిధ శస్త్రకర్మలు నిరూపింపబడినవి. మొద్దువాదర గల యంత్రములు 101, పదునైన శస్త్రములు 20 అని లెక్క చెప్పబడినది. ఈ సంఖ్యలకంటె ఆశ్చర్యకరమైనది శిక్షణాక్రమము. శిష్యుడు సమస్త శాస్త్రమును వల్లించినను, యోగ్య అను అభ్యాసము చేయనిచో కర్మకు అర్హుడు కాడు. సొరకాయ, పుచ్చకాయ, దోసకాయల వంటి కాయలమీద ఛేదనమును, నీటితోను బురదతోను నింపిన తోలుతిత్తుల మీద భేదనమును, రోమములు గల చర్మముమీద లేఖనమును, మృతపశువుల సిరలమీదను తామరతూండ్లమీదను వేధనమును, పురుగు తొలిచిన కఱ్ఱమీదను వెదురుమీదను ఏషణమును, పనస, మారేడు కాయల గుజ్జునుండి ఆహరణమును, మైనము పూసిన బూరుగుపలకమీద విస్రావణమును, వస్త్రముల అంచులమీదను మృదువైన చర్మముమీదను సీవనమును వాడు అభ్యసింపవలెను. కట్లు కట్టుట నేర్చుటకు మనుష్యాకారము గల బొమ్మ ఉండవలెను.

శరీరజ్ఞానమునకును ఇట్టి క్రమమే విధింపబడినది. మృతదేహమును ముంజగడ్డి మొదలగువానితో చుట్టి, పంజరమున ఉంచి, ప్రవాహజలమున ఏడు రాత్రులు నాననిచ్చి, పిమ్మట వట్టివేళ్ళు, వెదురు మొదలగువానితో చేసిన కుంచెలచే మెల్లమెల్లగా రుద్దుచు, చర్మము మొదలుకొని ఒక్కొక్క పొరను కన్నులార చూడవలెనని శారీరస్థానము పంచమాధ్యాయము చెప్పుచున్నది. శాస్త్రము మాత్రమే ఎరిగినవాడును, కర్మ మాత్రమే ఎరిగినవాడును ఒంటిరెక్క పక్షుల వంటివారని ఆ సంహిత అభిప్రాయము. అంతేకాదు. శస్త్రవైద్యునకు ఉండవలసిన లక్షణములను చెప్పుచు శౌర్యము, హస్తలాఘవము, శస్త్రముల తీక్ష్ణత, చెమట పట్టకుండుట, చేయి వణకకుండుట, మోహము పొందకుండుట అని సుశ్రుతుడు పేర్కొనెను. చేయి వణకరాదను ఈ ఒక్క నియమమును పాఠకుడు మనస్సున ఉంచుకొనవలెను. దాని ప్రయోజనము ముందు తెలియును.

ఈ విద్య గ్రంథములందు మాత్రమే నిలిచినది కాదు. తెగిన ముక్కును మరల నిర్మించు విధానము సూత్రస్థానము పదునారవ అధ్యాయమున కలదు. ముక్కు పరిమాణమునకు సరిపడు ఆకును కొలతగా తీసికొని, చెక్కిలినుండి ఆ ప్రమాణము గల చర్మమును ఒకవైపు అంటియుండగనే వేరుచేసి, ముక్కుమొదలును గీచి, దానిపై సంధించి, శ్వాసకొరకు రెండు నాళములను అమర్చి, యష్టిమధుకము మొదలగు చూర్ణములను చల్లి, దూదితో కప్పి, నువ్వులనూనెతో తడుపవలెను. శతాబ్దములు గడచిన పిమ్మట, 1792 నాటి మైసూరు యుద్ధమున ఆంగ్లసేనకు ఎడ్లబండి తోలిన కోవాస్జీ అను మరాఠావాడు టిప్పు సుల్తాను సైనికులకు చిక్కి, ముక్కును ఒక చేతిని కోల్పోయెను. సుమారు ఏడాది తరువాత పూనా ప్రాంతమున, ఇటుకలు చేయు కులమునకు చెందిన ఒకడు అతని ముక్కును తిరిగి నిర్మించెను. ఇచట చర్మము చెక్కిలినుండి గాక నుదుటినుండి తీసికొనబడెను. కొలతకు ఆకు బదులు మైనపురేకు వాడబడెను. గ్రంథమున ఉన్న సూత్రము గురుశిష్య పరంపరలో కొంత మారి, పండితుల చేతినుండి పనివాండ్ర చేతికి చేరి జీవించియుండెను. ఈ వృత్తాంతము 1794 అక్టోబరులో లండనునందలి జెంటిల్మన్స్ మ్యాగజైన్ అను పత్రికలో చిత్రసహితముగా వెలువడెను. దానిని చదివిన జోసెఫ్ కార్ప్యూ అను వైద్యుడు మృతదేహములపై అభ్యాసము చేసి, 1814లో లండనులో ఆ విధానమును ఆచరించి, 1816లో గ్రంథముగా ప్రకటించెను.

కార్ప్యూ శస్త్రము పట్టిన నాటికి సుశ్రుతుని కాలపు సమస్య అట్లే ఉండెను. రోగి వేదనను సహింపవలసినదే. మద్యము, నల్లమందు తప్ప వేరొక శరణ్యము దాదాపు లేదు. 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను నగరమున విలియం మోర్టన్ ఈథర్ ఆవిరిని పీల్పించి రోగిని నిద్రపుచ్చగా, శస్త్రకర్మ నొప్పిలేక జరిగెను. మరుసటి సంవత్సరము ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను ప్రవేశపెట్టెను. ఈ చరిత్రలో తెలుగునాటికిని స్థానము కలదు. 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదునందు ఎడ్వర్డ్ లారీ అను రెసిడెన్సీ వైద్యుని నాయకత్వమున, ఆరవ నిజాము ధనసాహాయ్యముతో, క్లోరోఫాం ఎంతవరకు క్షేమకరమో పరిశోధించుటకు రెండు సంఘములు పనిచేసెను. క్లోరోఫాం మొదట శ్వాసను ఆపును గాని హృదయమును కాదని ఆ సంఘములు తేల్చెను. తరువాతి పరిశోధనలు హృదయమునకును అపాయము కలదని నిరూపించినవి. మత్తు ఏదైనను దాని మాత్రను, గతిని ఎరుగక వాడరాదను పాఠము మాత్రము నిలిచినది.

ఇట్లు శస్త్రశాలనుండి మద్యపాత్ర తొలగెను. కాని మద్యము వెంట నడచుచుండిన బంధము తొలగలేదు. అది వేరొక రూపమున వచ్చెను. నల్లమందునుండి మార్ఫిన్ వేరుచేయబడి, 1853 ప్రాంతమున చర్మము క్రిందికి మందు ఎక్కించు సూది వచ్చిన పిమ్మట, వేదనాహరణము సులభమయ్యెను, వ్యసనమును అంతే సులభమయ్యెను. వియన్నాలో ఎర్న్‌స్ట్ ఫోన్ ఫ్లైష్ల్ అను శాస్త్రజ్ఞుడు బొటనవ్రేలిని కోల్పోయి, ఆ నరముల బాధకు మార్ఫిన్ వాడి, దానికి దాసుడయ్యెను. అతని మిత్రుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ ఆ వ్యసనమును వదలించుటకు కొకెయిన్ ఇప్పించెను. ఒక బంధమునకు బదులు రెండు బంధములు ఏర్పడెను. 1891లో ఫ్లైష్ల్ మరణించెను. మిత్రుని ప్రేమ నిజమైనదే. కాని ద్రవ్యస్వభావమును పరీక్షింపకముందే దానిని ఔషధమని నమ్ముట అనర్థమునకు హేతువయ్యెను.

అదే 1884లో వియన్నా వైద్యుడు కార్ల్ కోలర్ కొకెయిన్ ద్రావణముచే కంటికి స్పర్శ లేకుండ చేయవచ్చునని కనుగొనెను. ఆ వార్త న్యూయార్కు చేరినవెంటనే విలియం స్టూవర్ట్ హాల్‌స్టెడ్ అను యువ శస్త్రవైద్యుడు దానిని నరముల చెంతకు సూదితో ఎక్కించి, శరీరమున కోరిన భాగమును మాత్రమే స్పర్శరహితము చేయు విధానమును సాధించెను. నేడు దంతవైద్యులు క్రిందిదవడకు ఇచ్చు మత్తుసూదికి మూలము ఆ ప్రయోగములే. ఆ ప్రయోగములను ఆయన, ఆయన సహచరులు తమ దేహములపైననే చేసికొనిరి. కొలదికాలములోనే ఆయనయు, సహచరులలో కొందరును కొకెయిన్‌కు వశులైరి. 1885 సెప్టెంబరులో ఆయన ప్రకటించిన వ్యాసము అన్వయము కుదరని వాక్యములతో నిండియుండి, వ్రాసినవాని మనస్సు ఎంత చెదరినదో తెలుపుచున్నది. 1886లో ప్రావిడెన్స్ నగరమునందలి బట్లర్ ఆసుపత్రిలో చేరెను. అచట కొకెయిన్ మాన్పించుటకు మార్ఫిన్ ఇచ్చిరి. ఫ్లైష్ల్ కథ తలక్రిందులుగా మరల జరిగెను.

ఆ తరువాత హాల్‌స్టెడ్ జీవితము మిక్కిలి విచారణీయము. బాల్టిమోరు చేరి, ప్రయోగశాలలో ప్రేగులను కుట్టు విధానమును పరిశోధించి, కుట్టుకు బలమునిచ్చునది ప్రేగులోని ఏ పొరయో నిరూపించెను. 1889లో తెరువబడిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో శస్త్రవిభాగమునకు అధిపతియయ్యెను. క్రిమినాశక ద్రావణముచే చేతులు పాడైన నర్సు కెరొలిన్ హాంప్టన్ కొరకు సన్నని రబ్బరు చేతితొడుగులు చేయించెను. ఆమె పిమ్మట ఆయన భార్య అయ్యెను. నేడు ప్రపంచమున ఏ శస్త్రశాలలోనైనను కనబడు చేతితొడుగు ఆ ఒక్కరి చేతుల బాధనుండి పుట్టినదే. పూర్వము త్వరగా కోయువాడే ఘనుడు. హాల్‌స్టెడ్ ఆ రీతిని మార్చి, ధాతువులను మృదువుగా తాకుట, రక్తస్రావమును ప్రతిబిందువువద్ద ఆపుట, తొందరపడకుండుట అను నియమములను నెలకొల్పెను. ఏండ్లతరబడి గురుసన్నిధిలో ఉండి క్రమముగా బాధ్యతలు పెంచుకొను శిక్షణాపద్ధతిని ఏర్పరచెను. ఇది యోగ్యాభ్యాసమును స్మరింపజేయును.

లోకము ఆయన స్వస్థుడయ్యెనని నమ్మినది. సహచరుడైన విలియం ఆస్లర్ రహస్యముగా వ్రాసి భద్రపరచిన ఒక వృత్తాంతము 1969లో వెలుగుచూచెను. అందు, హాల్‌స్టెడ్ మార్ఫిన్‌ను దినమునకు మూడు గ్రెయినులకు, అనగా సుమారు 200 మిల్లీగ్రాములకు తక్కువ చేయలేకపోయెనని వ్రాయబడియుండెను. 1922లో మరణించువరకు ఆయన బంధము పూర్తిగా తెగలేదని చరిత్రకారుల అభిప్రాయము. సుశ్రుతుడు కోరిన హస్తనైపుణ్యము ఆయనయందు సంపూర్ణముగా ఉండెను. శాస్త్రజ్ఞానమునకు కొరత లేదు. ధైర్యమునకు కొరత లేదు. అయినను మనస్సు ఒక చిన్న సీసాకు కట్టుబడియుండెను. వ్యసనము అజ్ఞానులకు, అధములకు మాత్రమే కలుగునను తలంపు ఎంత తప్పో ఈ జీవితము చూపుచున్నది.

ఈ రహస్యమునకు తత్త్వము చరకసంహితలో కలదు. చరకాచార్యులు రోగమూలములలో ప్రజ్ఞాపరాధమును ప్రధానముగా చెప్పిరి. ధీ, ధృతి, స్మృతి అను మూడు భ్రష్టములైనపుడు మనుజుడు చేయు కర్మ ప్రజ్ఞాపరాధము. హితాహితములను ఉన్నదున్నట్లు చూచునది ధీ. చూచిన పిమ్మట మనస్సును అహితమునుండి నిలుపునది ధృతి. పూర్వానుభవమును సకాలమున ముందు నిలుపునది స్మృతి. వ్యసనపీడితునకు చాలమారు ధీ చెడదు. ఇది హానికరమని వాడు ఎరుగును, ఇతరులకు చెప్పగలడు కూడ. చెడునది ధృతి. అందువలననే వానికి ఉపదేశము ఎంత చేసినను ఫలము కనబడదు. తెలియని వానికి తెలియజేయవచ్చును. తెలిసియు నిలువలేని వానికి కావలసినది నిలువగల ఆధారము.

చికిత్సాస్థానము ఇరువదినాలుగవ అధ్యాయము మదాత్యయ చికిత్స. ఆ అధ్యాయము సురను నిందించుచు ఆరంభము కాదు. దేవతలచేతను పూజింపబడినదిగా సురను కీర్తించి, విధిపూర్వకముగా సేవించినచో అమృతతుల్యమనియు, విధి తప్పినచో విషతుల్యమనియు చెప్పుచు ముందుకు సాగును. వైద్యుడు ద్రవ్యమును ద్రవ్యముగా చూచును. మద్యమునకు లఘుత్వము, ఉష్ణత్వము, తీక్ష్ణత్వము, సూక్ష్మత్వము, రూక్షత్వము మొదలగు పది గుణములు. హృదయమున ఆశ్రయించియున్న ఓజస్సునకు గురుత్వము, శైత్యము, మృదుత్వము, స్థిరత్వము, స్నిగ్ధత్వము మొదలగు పది గుణములు. మద్యము హృదయమును చేరి తన పది గుణములచే ఓజస్సు పది గుణములను క్షోభింపజేయును. అపుడు దానిని ఆశ్రయించియున్న మనస్సు చలించును. మొదటి మదమున హర్షము, రెండవ మదమున చిత్తవిభ్రమము, మూడవ మదమున విరిగిన కొయ్యవలె నిశ్చేష్టత కలుగును.

చికిత్స ఏమి? మూడు అంశములు ముఖ్యముగా గమనింపదగినవి. మొదటిది మాత్ర. హీనముగానో, అధికముగానో, విధి తప్పియో త్రాగిన మద్యముచే పుట్టిన రోగమునకు, ఇతర ద్రవ్యములతో కలిపి సరియైన మాత్రలో వైద్యుడిచ్చు మద్యమే ఉపశమనమని చెప్పబడినది. దానిచే శాంతింపనిచో మద్యమును విడిచి పాలను వాడవలెను. లంఘన పాచనాదులచే దుర్బలుడైన రోగికి పాలు, గ్రీష్మమున ఎండిన చెట్టుకు వర్షము వంటివని ఆచార్యులు చెప్పిరి. పాల గుణములు ఓజస్సు గుణములే. మద్యము దోచినదానిని పాలు మరల నింపును. బలము వచ్చిన పిమ్మటనే తరువాతి క్రమము.

రెండవది క్రమము. అలవాటైన అహితమును ఒక్కమారుగా విడువక, పాదపాదముగా తగ్గించుచు, దాని స్థానమున హితమును పాదపాదముగా పెంచవలెనని సూత్రస్థానము సప్తమాధ్యాయము చెప్పుచున్నది. క్రమముగా తగ్గిన దోషములు మరల పుట్టవు. క్రమముగా పెరిగిన గుణములు చలింపవు. ఇచట చరకాచార్యులు మరియొక సూక్ష్మమును చూచిరి. మద్యమును మానియుండి, మరల ఒక్కమారుగా మితిమీరి త్రాగినవానికి ధ్వంసకము, విక్షయము అను రెండు కష్టసాధ్య వ్యాధులు కలుగునని చెప్పిరి. మానినవాడు మరల జారుట వాని దుర్బుద్ధియని తిట్టి విడువక, దానికి ప్రత్యేకముగా పేరు పెట్టి, లక్షణములు చెప్పి, చికిత్స చెప్పిరి. జారిన వానిని మరల పైకెత్తుట చికిత్సలో భాగమే.

మూడవది హర్షణీ క్రియ. మద్యము మనస్సును క్షోభింపజేయక, శరీరమును పీడింపక మదాత్యయమును కలిగింపదు. కాబట్టి శరీరమునకు ఔషధము చాలదు, మనస్సునకు హర్షము కూడ కావలెను. రమ్యమైన వనములు, తామరలు గల కొలనులు, స్వచ్ఛమైన అన్నపానములు, గీతములు, ప్రియమైన మిత్రుల గోష్ఠి, ఇవి ఔషధములుగా విధింపబడినవి. రోగిని ఏకాంతమున బంధించి నిందింపుడని ఆచార్యులు చెప్పలేదు.

పాశ్చాత్య వైద్యము ఈ తీరమునకు వేరొక మార్గమున చేరెను. 1965లో న్యూయార్కునందు విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అను వైద్యులు, హెరాయిన్ వ్యసనము గల 22 మందికి మెథడోన్ అను ద్రవ్యమును నియతమాత్రలో ఇచ్చి, వారు తృష్ణ తగ్గి, చదువునకు, పనికి మరలినట్లు ప్రకటించిరి. ఇది చరకుని విధానమే అని చెప్పరాదు. ద్రవ్యము వేరు, కారణవివేచనము వేరు. అయినను బంధమును ఒక్క పెట్టున తెంపక, వైద్యుని చేతిలోని మాత్రచే వశపరచుట అను భావము రెండింటను కలదు. అమెరికా వైద్యసంఘము మద్యవ్యసనమును రోగమని ప్రకటించినది 1956లో. చరకసంహితలో అది మొదటినుండి చికిత్సాస్థానముననే ఉన్నది.

ఇక అన్నింటికంటె హృదయంగమమైన వృత్తాంతము 1935 నాటిది. అమెరికాలోని ఆక్రన్ నగరమున రాబర్ట్ స్మిత్ అను శస్త్రవైద్యుడు చిరకాలముగా మద్యమునకు వశుడైయుండెను. ఆ సంవత్సరము మే 12న న్యూయార్కునుండి వచ్చిన బిల్ విల్సన్ అను వ్యాపారి ఆయనను కలిసికొనెను. విల్సన్ కూడ మద్యపీడితుడే. కొన్ని నెలలుగా మానియుండెను, మరల జారుదునేమోయని భయపడుచుండెను. అతడు స్మిత్‌నకు నీతిబోధ చేయలేదు. తన కథ చెప్పెను. తనకు నిలుచుటకు మరియొక పీడితుని తోడు కావలెనని చెప్పెను. స్మిత్ మద్యమును మానెను. కొన్ని వారములకు వైద్యుల మహాసభకొరకు అట్లాంటిక్ సిటీ వెళ్ళి, మార్గముననే మరల త్రాగి, స్పృహ లేని స్థితిలో తిరిగివచ్చెను. చరకాచార్యులు చెప్పిన విచ్ఛిన్నమద్యుని లక్షణము ఇదియే.

అపుడు ఆయన చేయవలసిన శస్త్రకర్మ ఒకటి దగ్గరపడియుండెను. చేతులు వణకుచుండెను. విల్సన్ మూడు దినములు ప్రక్కన ఉండి, మెల్లగా తేర్చెను. శస్త్రకర్మ నాటి ఉదయము, చేయి నిలుచుటకై ఒక సీసా బీరును స్వయముగా ఇచ్చెను. ఆయన శస్త్రకర్మ ముగించెను. అదే ఆయన త్రాగిన చివరి పాత్రయని, అది జూన్ 10వ తేదియని ఆ సంఘము నమ్మును. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను ఆ సంఘమునకు అదే జన్మదినము. సుశ్రుతుని గ్రంథమున శస్త్రకర్మకు ముందు పాత్ర రోగికి అందెను. ఆక్రన్‌లో అది వైద్యునకే అందెను, ఎందుకనగా ఆ దినమున రోగులు ఇద్దరు. స్మిత్ ఆ పిమ్మట పదునైదు సంవత్సరములు, 1950లో మరణించువరకు, మద్యము ముట్టలేదు. సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియా అను సన్న్యాసినితో కలిసి వేలాది పీడితులకు సేవ చేసెను.

ఇట్టి వృత్తాంతములను చూచి ఇంటివద్ద మద్యముతోనే చికిత్స చేయబూనరాదు. ఆక్రన్‌లో సీసా ఇచ్చినవాడు ఆ బాధను దేహమున అనుభవించినవాడు, తీసికొన్నవాడు వైద్యుడు. చిరకాలముగా అధికముగా త్రాగువాడు ఒక్కమారుగా మానినచో మూర్ఛలు, మతిభ్రంశము, ఒక్కొక్కపుడు ప్రాణాపాయము కలుగవచ్చును. అందువలన మాన్పించుట వైద్యుని పర్యవేక్షణలోనే జరుగవలెను. మ్రొక్కుకొని మాల ధరించుట శుభమే. ధృతికి అది ఆధారము కాగలదు. కాని దేహము వణకుచున్నవానికి ఆ దీక్షతో పాటు ఆసుపత్రియు కావలెను. ఒకటి రెండవదానికి విరుద్ధము కాదు.

ఇపుడు మొదటి సందేహమునకు మరలవచ్చును. ఉపనిషత్తు వలదన్న సహవాసమేది? మద్యపునితో కూడి మద్యమార్గమున నడచుట. వైద్యుడు కోరు సహవాసమేది? వానిని ఆ మార్గమునుండి మరలించుటకై వానితో నడచుట. రెండింటను ప్రక్కన కూర్చుండుట ఒక్కటే, సంకల్పము వేరు. స్మృతి వాక్యము పాత్రను ఇంకను ముట్టనివానిని ఆపుటకు నిలిచిన గోడ. చికిత్సావాక్యము గోడ దాటి పడిపోయినవానికి దింపిన నిచ్చెన. గోడ కఠినముగా ఉండుట ధర్మమే. కాని గోడను చూపి నిచ్చెనను తీసివేయుట ఏ శాస్త్రమును చెప్పలేదు. మన గృహములలో, బంధువర్గములో ఒక్కొక్కపుడు జరుగునది ఇదియే. త్రాగువానిని పాపియని పిలిచి శాస్త్రమును పాటించితిమని తృప్తిపడుదుము. వానికి వైద్యుని చూపించినవాడు, జారిన పిమ్మట రెండవమారు, మూడవమారు తీసికొనిపోయినవాడు కూడ శాస్త్రమునే పాటించెనని మరచుచుందుము.

సురానిషేధమును విధించినది ఎవరో స్మరించినచో ఈ విషయము మరింత స్పష్టమగును. మహాభారతము ఆదిపర్వమున శుక్రాచార్యుడు, దానవులు కచుని దహించి ఆ భస్మమును సురలో కలిపి ఇయ్యగా, ఎరుగక త్రాగెను. శిష్యుడు తన ఉదరముననే ఉన్నాడని తెలిసిన పిమ్మట, వానికి సంజీవనీవిద్యను ఉపదేశించెను. కచుడు గురువు ఉదరమును చీల్చుకొని వెలువడి, ఆ విద్యచేతనే గురువును బ్రతికించెను. అటుపిమ్మట శుక్రాచార్యుడు బ్రాహ్మణులకు సురాపానము మహాపాతకమని మర్యాదను ఏర్పరచెను. ఆ నియమము మద్యమును ఎన్నడును ఎరుగనివాని గర్వమునుండి పుట్టలేదు. దానిచే మోసపోయి, ప్రియశిష్యుని కోల్పోబోయిన గురువు పశ్చాత్తాపమునుండి పుట్టినది. పడినవానిని బ్రతికించినవాడును ఆ ఉదరముననుండి వెలువడిన శిష్యుడే. పీడనను ఎరిగినవాడే పీడితునకు ఆధారమగుట ఆక్రన్‌లోను చూచితిమి.

సమస్త మద్యములనుండి నివృత్తుడై, ఇంద్రియములను జయించిన ధీమంతుని శారీర మానస వికారములు అంటవని చరకాచార్యులు మదాత్యయాధ్యాయము తుదిభాగమున చెప్పిరి. అధ్యాయము ఎక్కడికి తీసికొనిపోవుచున్నదో ఆ మాటవలన తెలియును. నివృత్తియే గమ్యము, అందు సందేహము లేదు. కాని ఆచార్యులు ఆ మాటను ఆదిలో చెప్పక, పాలు త్రాగించి, మిత్రులను కూర్చి, జారినవానికి మరల మందిచ్చి, అటుపిమ్మట చెప్పిరి. వణకు చేయి ముందు నిలువవలెను. జపమాలయైనను, శస్త్రమైనను పట్టగలుగుట దాని తరువాతి మాట.